హైదరాబాద్ నుంచి ఢిల్లీకి కాపురం మార్చేటప్పుడు: ఏది మోసుకెళ్లాలి, ఏది అమ్మేయాలి, ఎక్కడ దిగాలి

మావారికి నోయిడా ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ ఖాయమైన రోజు రాత్రి, పిల్లలు పడుకున్నాక మేమిద్దరం కూర్చుని చేసిన మొదటి పని ప్యాకర్స్ అండ్ మూవర్స్ రేట్లు వెతకడం. మూడు చోట్ల ఫోన్ నంబరు ఇచ్చాం. మర్నాడు పొద్దున్నుంచి పదిహేను మంది ఫోన్ చేశారు. అప్పటికి బాబుకి నాలుగేళ్లు, పాపకి పద్నాలుగు నెలలు. కూకట్‌పల్లిలో రెండు పడకగదుల అద్దె ఇల్లు, ఐదేళ్లలో పోగుపడ్డ సామాను, ఒక కారు, అత్తయ్యగారి బీరువా.

రేట్ల సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది అక్కడ ఎన్నేళ్లుంటాం అన్నది. ఫ్రిజ్ తీసుకెళ్లాలా, కారు నంబరు మార్చాలా, బాబు తెలుగు మర్చిపోతాడని బెంగపడాలా, వీటన్నిటికీ జవాబు ఆ ఒక్క అంకె దగ్గరే ఉంది. ఆఫీసులో అడిగితే "చూద్దాం" అంటారు. కాబట్టి అంకె మీరే వేసుకోవాలి. రెండేళ్ల లోపయితే సూట్‌కేసులతో వెళ్లండి, ఐదేళ్లు దాటితే ఇల్లంతా కట్టుకుని వెళ్లండి. మేం మూడు వేసుకున్నాం, అందుకే ప్రతిదానికీ తర్జనభర్జన పడ్డాం. (ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది.)

సామాను: నాలుగు దారులు

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 1,550 నుంచి 1,600 కిలోమీటర్లు. సామాను పంపడానికి నాలుగు దారులున్నాయి.

మొదటిది, లారీ మొత్తం మనమే మాట్లాడుకోవడం. మీ గుమ్మం ముందు ఎక్కించిన సామాను మళ్లీ కొత్త గుమ్మం ముందే దిగుతుంది, మధ్యలో ఎవరూ ముట్టుకోరు. తేదీ కూడా దాదాపు మాట ప్రకారమే ఉంటుంది. ఖర్చు ఎక్కువ. కంపెనీ షిఫ్టింగ్ ఖర్చులు ఇస్తుంటే ఇంకేమీ ఆలోచించకండి, ఇదే చేయండి.

రెండోది షేరింగ్, అంటే పార్ట్ లోడ్. మీ సామానుతో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురి కాపురాలు అదే లారీలో వస్తాయి. డబ్బు బాగా తగ్గుతుంది. కానీ మీ సామాను ముందు వాళ్ల గోడౌన్‌కి వెళ్తుంది, లారీ నిండేదాకా అక్కడే ఉంటుంది, దారిలో ఇంకో గోడౌన్‌లో దిగి ఇంకో లారీ ఎక్కుతుంది. సొట్టలు పడేది, గీతలు పడేది, మంచం మేకుల సంచీ మాయమయ్యేది ఈ దించి ఎక్కించే చోట్లే.

మూడోది రైలు పార్శిల్. ఇల్లంతా దీని మీద పంపడం కుదరదు గానీ, స్కూటర్‌కీ బైక్‌కీ ఇది చక్కటి దారి. స్టేషన్ పార్శిల్ ఆఫీసులో ఆర్‌సీ కాపీ, గుర్తింపు కార్డు ఇచ్చి బుక్ చేయాలి. పెట్రోల్ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, హెడ్‌లైటూ ట్యాంకూ గోనెతో గట్టిగా కట్టించాలి. పుస్తకాల పెట్టెలు కూడా ఇలా పంపొచ్చు. అవతలి స్టేషన్‌కి వెళ్లి తెచ్చుకునే ఓపిక మాత్రం ఉండాలి.

నాలుగోది, ఉన్నదంతా అమ్మేసి అక్కడ కొత్తగానో, సెకండ్ హ్యాండ్‌లోనో, అద్దెకో తీసుకోవడం. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు నెలవారీ అద్దెకిచ్చే కంపెనీలు నోయిడా, గురుగ్రామ్‌లలో బాగా ఉన్నాయి. ఏడాది ఏడాదిన్నరకి మించి ఉండని వాళ్లకి ఇది నిజంగా కలిసొస్తుంది. అంతకు మించితే అద్దె కట్టీ కట్టీ ఆ ఫ్రిజ్ ఖరీదు మీరే పూర్తి చేస్తారు.

మేం రెండోది ఎంచుకున్నాం. "ఆరు రోజుల్లో మీ ఇంటి ముందుంటుంది మేడమ్" అన్నాడు మాట్లాడిన అబ్బాయి. పదమూడో రోజు వచ్చింది. వానాకాలం. పరుపు ఒక పక్క తడిసి ముద్దయింది. బీరువా ఎడమ తలుపు మీద అరచెయ్యంత సొట్ట. ఇది మీ పనే అని మేం, కాదు ముందునుంచీ ఉందని వాళ్లు. వాళ్ల లిస్టులో బీరువా పక్కన "పాతది, గీతలున్నాయి" అని రాసి ఉంది, కింద మావారి సంతకం ఉంది. ప్యాకింగ్ రోజు హడావుడిలో ఆ లిస్టు ఎవరు చదివారు? మా దగ్గర ఒక్క ఫోటో లేదు. వాళ్లు మాత్రం ప్రతి సామానుకీ ఆ రెండు మాటలే రాసుకున్నారు.

అందుకే ఇది కాస్త విడమర్చి చెప్తాను. ఏ కంపెనీ అయినా సరే, ఇంటికొచ్చి చూసి రాసిచ్చిన రేటునే నమ్మండి, ఫోన్లో చెప్పింది కాదు. అందరికంటే మరీ తక్కువ చెప్పినవాడు చాలాసార్లు సామాను లారీ ఎక్కాక మిగతాది అడుగుతాడు. ఆ పరిస్థితిలో మన కాపురం వాడి చేతిలో ఉంటుంది, బేరమాడే పరిస్థితి ఉండదు. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి, కొంత దించాకే ఇస్తానని రాయించుకోండి. బిల్టీ, అంటే లారీ రసీదు, చేతికి తీసుకోండి. దాని మీద "ఓనర్స్ రిస్క్" అని ఉందో "క్యారియర్స్ రిస్క్" అని ఉందో చూడండి. మొదటిదైతే ఏం విరిగినా పోయినా భారం మనదేనని వాళ్లు వాదిస్తారు. ఇన్సూరెన్స్‌కి మీరు చెప్పిన సామాను విలువలో ఇంత శాతం అని వసూలు చేస్తారు. బిల్లులో ఇన్సూరెన్స్ అని ఒక గీత ఉంటే చాలదు, మీ పేరు మీద పాలసీ కాగితం రావాలి. ఇక ఫోటోలు: ప్రతి పెద్ద సామానుకీ నాలుగు వైపులా, ప్యాక్ చేసేవాళ్లు గుమ్మం ఎక్కకముందే. వాళ్ల లిస్టులో ప్రతి వరుసా చదివి, నచ్చని మాట కొట్టేయించి, అప్పుడు సంతకం పెట్టండి. చాయ్ ఇచ్చి కూర్చోబెట్టండి, తొందరేం లేదు.

ఏది తీసుకెళ్లాలి అన్నదానికి నేను ఇప్పుడు పెట్టుకున్న లెక్క ఇది. అక్కడ దొరకనివి, చేతికి అలవాటైనవి తప్పకుండా తీసుకెళ్లండి. వెట్ గ్రైండర్, ఇడ్లీ పాత్ర, పప్పుగుత్తి, పెద్ద ఇత్తడి గిన్నెలు, పిల్లల మంచం. మంచం అంటే నవ్వొస్తుందేమో గానీ, కొత్త ఊళ్లో మా పాప మొదటిసారి తెల్లవార్లూ నిద్రపోయింది ఆ మంచం వచ్చిన రోజే. ఫ్రిజ్ ఐదేళ్ల లోపుదైతే తీసుకెళ్లండి. దించాక వెంటనే ప్లగ్ పెట్టొద్దు, కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాక పెట్టండి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌కి కొన్నప్పుడు వెనకాల డ్రమ్ కదలకుండా పొడుగాటి బోల్టులు వస్తాయి. అవి దాచి ఉంటే బిగించి పంపండి. పారేసి ఉంటే, అంతదూరం డ్రమ్ లోపల ఎగిరెగిరి పడుతుందని తెలిసే పంపండి. ఏసీ విప్పడం, గ్యాస్ నింపించడం, మళ్లీ బిగించడం కలిపితే ఖర్చు తక్కువేం కాదు, పాతదైతే అమ్మేయండి. ఇన్వర్టర్, బ్యాటరీ అసలే వద్దు. నోయిడా, గురుగ్రామ్ సొసైటీల్లో జనరేటర్ బ్యాకప్ ఉంటుంది. ప్లైవుడ్ అల్మారాలు ఒకసారి విప్పి బిగిస్తే వదులైపోతాయి, వాటికి లారీలో చోటు దండగ.

బీరువా మాత్రం నా లెక్కలోకి రాదు. అది అత్తయ్యగారి పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టినది. "ఇనప సామాను అక్కడా దొరుకుతుంది కదా అత్తయ్యా" అన్నాను ఒకసారి. ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం చూసి మావారు బీరువాని లిస్టులో మొదట రాశారు.

మనం ఎలా వెళ్లాలి

చంటిపిల్ల ఉంటే విమానమే. రెండుంపావు గంటల్లో దిగుతారు. రెండేళ్ల లోపు పిల్లలకి సీటు ఉండదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. దేశం లోపల చాలా విమానాల్లో మనిషికి 15 కిలోల చెక్-ఇన్ లగేజీ మాత్రమే ఉచితం. ఊరగాయ జాడీలు చేతి సంచిలో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, బాగా సీలు చేసి చెక్-ఇన్‌లో వేయండి. ఎండుకొబ్బరి చెక్-ఇన్‌లో కూడా ఒప్పుకోరు, నూనె ఉంటుంది కాబట్టి అంటుకునే వస్తువు కింద లెక్క. మా అమ్మ ప్రేమగా కట్టిచ్చిన కురిడీలు శంషాబాద్‌లోనే ఉండిపోయాయి.

పిల్లలు కాస్త పెద్దవాళ్లై, సామాను ఎక్కువుంటే రైలు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దాదాపు 26 గంటలు తీసుకుంటుంది. సికింద్రాబాద్ మీదుగా పోయే బెంగళూరు రాజధాని ఇంకొంచెం తొందరగా హజ్రత్ నిజాముద్దీన్ చేరుస్తుంది. థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితంగా తీసుకెళ్లొచ్చు. నలుగురి సామాను లెక్కేసుకోండి, విమానానికీ దీనికీ పోలికే లేదు. ఐదేళ్ల లోపు పిల్లలకి బెర్తు అడగకపోతే టికెట్ లేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. డిసెంబరు, జనవరిలో మాత్రం పొగమంచుకి ఉత్తరాది రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి.

కారు: నడుపుకుంటూనా, లారీ మీదనా, అమ్మేయడమా

మా కారు మావారూ మా మరిదీ కలిసి నడుపుకుంటూ వెళ్లారు. మూడు రోజులు, రెండు రాత్రులు: మొదటి రాత్రి నాగ్‌పూర్, రెండో రాత్రి ఝాన్సీ. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవిలో రోడ్డు ఎత్తుగా వంతెనల మీద పోతుంది, కింద నుంచి పులులూ జింకలూ దాటడానికి దారులు వదిలారు. మా మరిది ఇప్పటికీ ఢిల్లీ గురించి కాదు, దాని గురించే చెప్తాడు. ఇద్దరు డ్రైవర్లుంటేనే ఇది చేయండి. పిల్లలతో అయితే ఇంకో రోజు కలుపుకోండి.

కార్ క్యారియర్‌లో పంపితే పెట్రోల్ కొద్దిగానే ఉంచండి, మీటరు రీడింగు ఫోటో తీయండి, డిక్కీలో సామాను పెట్టకండి.

అసలు తలనొప్పి కారు చేరాక మొదలవుతుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ముందు మన ఆర్‌టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, కావాలి. పాత చలాన్లు కట్టేసి ఉండాలి, లోను ఉంటే బ్యాంకు ఒప్పుకోలు ఉండాలి. ఆ తర్వాత కొత్త రాష్ట్రంలో మళ్లీ రోడ్ ట్యాక్స్, ఇక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలినది వాపసుకి అర్జీ. ఇంకో మెలిక ఏంటంటే ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ మనకి ఒకే ఊరులా కనిపిస్తాయి గానీ మూడూ మూడు ప్రభుత్వాల కింద ఉన్నాయి: ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హర్యానా. ఏడాది నోయిడాలో ఉండి గురుగ్రామ్‌కి మారితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఇల్లు కుదురుకున్నాకే నంబరు మార్చండి.

నా సలహా ఇలా ఉంటుంది. పాత డీజిల్ కారైతే హైదరాబాద్‌లోనే అమ్మేయండి. ఢిల్లీ చుట్టుపక్కల 10 ఏళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద నిషేధం ఏళ్లుగా నలుగుతోంది, కోర్టుల్లో ఎప్పటికప్పుడు మలుపులు తిరుగుతోంది. ఆ టెన్షన్ మనకెందుకు? రెండేళ్లకే తిరిగొచ్చేట్టయితే కారు అత్తవారింట్లో పెట్టేసి, అక్కడ మెట్రో, క్యాబ్ వాడుకోండి. కొత్త కారు కొనబోతూ ఉంటే బీహెచ్ సిరీస్ నంబరు గురించి అడగండి. 2021లో వచ్చింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకీ, నాలుగు లేదా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకీ ఇస్తారు. రెండేళ్లకోసారి ట్యాక్స్ కడతారు, రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేదు. అన్ని రాష్ట్రాలూ దీన్ని ఒకేలా ఇవ్వడం లేదు కాబట్టి షోరూమ్ మాట కాక ఆర్‌టీఏ మాట వినండి.

నోయిడా, గురుగ్రామ్, ఢిల్లీ

ఆఫీసు ఎక్కడో ఇల్లు అక్కడ. ఇది అందరూ చెప్పేదే, కానీ ఇక్కడ మరీ నిజం. నోయిడా నుంచి గురుగ్రామ్ మ్యాపులో చూస్తే గచ్చిబౌలి నుంచి ఉప్పల్ లాగా అనిపిస్తుంది. రోజూ వెళ్లిరండి, అప్పుడు చెప్పండి.

గురుగ్రామ్‌లో అద్దెలు ఎక్కువ, మంచి సొసైటీలు ఉన్నాయి, గట్టి వాన పడితే రోడ్లు చెరువులు. నోయిడాలో రోడ్లు వెడల్పు, అద్దె కాస్త నయం, బ్లూ లైన్ మెట్రోతో ఢిల్లీ నడిబొడ్డుకి వెళ్లిపోవచ్చు. ఢిల్లీలో ద్వారక, మయూర్ విహార్ లాంటి చోట్ల పాత సొసైటీ ఫ్లాట్లు దొరుకుతాయి. లిఫ్టులు పాతబడి ఉండొచ్చు, స్విమ్మింగ్ పూల్ ఉండదు. కానీ కిందకి దిగితే కూరగాయలబండి, మందుల షాపు, చుట్టూ ఎన్నో ఏళ్లుగా ఉంటున్న దక్షిణాది కుటుంబాలు. పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండేది మీరే అయితే, క్లబ్ హౌస్ కంటే ఇది విలువైనది. మాకు తెలియక ఇరవై రెండో అంతస్తు, క్లబ్ హౌస్ తీసుకున్నాం. మొదటి మూడు నెలలు లిఫ్టులో నమస్తే చెప్పినవాళ్లు తప్ప నాకు మనుషులు తెలీదు.

"బిల్డర్ ఫ్లోర్" అనే మాట వింటారు. మూడు నాలుగు అంతస్తుల విడి ఇంట్లో ఒక అంతస్తు అన్నమాట. సొసైటీతో పోలిస్తే గదులు పెద్దవి, మెయింటెనెన్స్ తక్కువ. నీళ్లు, కరెంటు బ్యాకప్, గేటు దగ్గర కాపలా మాత్రం మీ అదృష్టం. చంటిపిల్లలతో మొదటి ఏడాదికి సొసైటీయే మేలు అంటాను.

సొసైటీలో ఇల్లు చూసేటప్పుడు కరెంటు మీటరు గురించి అడగడం మర్చిపోకండి. చాలాచోట్ల ప్రీపెయిడ్. ఫోన్ రీఛార్జి లాగా ముందే డబ్బు వేయాలి, మామూలు కరెంటుకి ఒక రేటు, జనరేటర్ కరెంటుకి చాలా ఎక్కువ రేటు. డబ్బు అయిపోతే టక్కున ఆగిపోతుంది. మాకు ఇది తెలిసింది ఒక రాత్రి పాప జ్వరంతో ఉన్నప్పుడు. బ్రోకరుకి పదిహేను రోజుల నుంచి నెల అద్దె దాకా ఇవ్వాలి, అడ్వాన్సు మాత్రం మన దగ్గరలాగే ఒకటి రెండు నెలలది, బెంగళూరు అంత భయపెట్టదు. అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు, ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, కంగారు పడకండి.

ముందు ఒక్కరా, అందరూ ఒకేసారా

పెద్దవాళ్లంతా ముందు ఆయన వెళ్లి ఇల్లు చూసుకుని, సర్దుకున్నాక మిమ్మల్ని తీసుకెళ్తాడంటారు. ఇది తప్పు సలహా కాదు. కానీ మగవాళ్లు ఒంటరిగా చూసే ఇల్లు వేరు. ఆఫీసుకి ఎంత దూరం, పార్కింగు ఉందా, అంతే. వంటింట్లో గ్రైండర్ పెట్టే చోట ప్లగ్ ఉందా, బట్టలారేసే బాల్కనీకి ఎండ వస్తుందా, ప్లే స్కూలుకి నడిచి వెళ్లొచ్చా, ఇవి వాళ్ల లిస్టులో ఉండవు. మధ్యేమార్గం ఒకటుంది: ఆయన ముందు వెళ్లి గెస్ట్ హౌస్‌లో ఉంటూ ఐదారు ఇళ్లు వడపోస్తే, మీరు పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి ఒక శని ఆదివారాలు వెళ్లి చూసి ఖాయం చేయడం. ఆ విమానం టికెట్ దండగ కాదు. నేను వెళ్లలేదు, వీడియో కాల్‌లో చూసి సరే అన్నాను. వీడియో కాల్‌లో ప్రతి వంటిల్లూ పెద్దగానే కనిపిస్తుంది.

ఎప్పుడు

చేతిలో పని అయితే మార్చి నెలాఖరు. కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి, ఎండ ఇంకా ముదరదు. మే, జూన్‌లలో 45 డిగ్రీలు మామూలు. జూలై, ఆగస్టుల్లో వాన. అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా గాలి బాగుండదు. అప్పుడు కాలుష్యం మరీ పెరిగితే చిన్న తరగతులకి ఇంటి నుంచే క్లాసులు పెడతారు, ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఆ రోజులకి ముందే ఏర్పాటు ఉండాలి. పిల్లలకి ఉబ్బసం ఉంటే నవంబరులో మాత్రం దిగకండి, ఎయిర్ ప్యూరిఫయర్ కూడా కొనుక్కోండి. మేం ఆషాఢం దాటాకే కదలాలన్న పట్టుదల వల్ల వానల్లో దిగాం. మూఢం, ఆషాఢం చూసుకునే ఇళ్లలో ట్రాన్స్‌ఫర్ తెలిసిన రోజే పంచాంగం తీయండి, లారీవాడి డైరీ తర్వాత.

దిగిన రోజు సంగతి ఒకటి చెప్పాలి. సామాను రాలేదు, గ్యాస్ కనెక్షన్ ఇంకా లేదు. పాలు పొంగించకుండా కొత్తింట్లో పడుకోకూడదని అత్తయ్య ఫోన్లో మరీ మరీ చెప్పారు. అందుకని నా సూట్‌కేసులో చిన్న ఇత్తడి గిన్నె తెచ్చుకున్నాను. ఎదురింటావిడ ఇండక్షన్ స్టవ్ ఇచ్చింది, కొత్త పరిచయం, మంచి మనిషి. ఇత్తడి గిన్నె పెడితే అది కుయ్ కుయ్ మని అరిచి ఆగిపోయింది. అయస్కాంతం అంటుకునే అడుగు ఉన్న గిన్నెలకే ఇండక్షన్ పనిచేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. చివరికి ఆవిడ స్టీలు గిన్నెలోనే పొంగించాం. పాలు పొంగి స్టవ్ గాజు మీద కారుతుంటే ఆవిడ "అయ్యో ఆపండి, పొంగిపోతోంది" అని హిందీలో ఒకటే గోల. పొంగాలనే పెట్టామని నాకొచ్చిన హైదరాబాదీ హిందీలో చెప్పడానికి పావుగంట పట్టింది. ఆ హిందీ సంగతీ చెప్తున్నాను. కూరగాయలబండి దగ్గర "నక్కో భయ్యా" అన్న మొదటి రోజే "హైదరాబాద్ సే?" అని నవ్వుతాడు. కొత్తిమీర, పచ్చిమిర్చి కొసరు వేస్తాడు, అది అక్కడి ఆచారం.

బడి, భాష

ఢిల్లీ నగరంలో నర్సరీ అడ్మిషన్లు నవంబరు, డిసెంబరుల్లోనే మొదలవుతాయి, ఏప్రిల్ చదువుకి. ప్రైవేటు బడుల్లో పాయింట్లు వేస్తారు, బడికి ఇల్లు ఎంత దగ్గరైతే అన్ని ఎక్కువ పాయింట్లు. కాబట్టి ఢిల్లీలో ఉండాలనుకుంటే ముందు బడి, ఆ తర్వాత దాని చుట్టుపక్కల ఇల్లు. నోయిడా, గురుగ్రామ్ బడులు వాటి పద్ధతి ప్రకారం తీసుకుంటాయి, ఏడాది మధ్యలో కూడా సీట్లు దొరకొచ్చు.

పిల్లలు తెలుగు మర్చిపోతారన్న భయం అందరికీ ఉంటుంది. తిరిగి తెలంగాణకి వచ్చేట్టయితే, 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడిలోనైనా తెలుగు చదవాల్సిందే. మాట్లాడటం ఇంట్లో వస్తుంది, అక్షరాలు మాత్రం రోజూ పది నిమిషాలు మీరే దిద్దించాలి. అచ్చంగా తెలుగు చెప్పే బడి కావాలంటే ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులున్నాయి. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ మొదలుపెట్టిన సంస్థ అది. జనక్‌పురి లాంటి చోట్ల శాఖలున్నాయి. నోయిడా నుంచి చంటిపిల్లాణ్ణి రోజూ పంపే దూరం కాదు, అందుకే మా బాబు అక్కడ చదవలేదు.

నెలకోసారి అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ భోజనం, గోల్ మార్కెట్ దగ్గర టీటీడీ బాలాజీ గుడి. మునక్కాయలు, కరివేపాకు, మంచి చేపలు ఐఎన్ఏ మార్కెట్‌లో. సోనామసూరి ఇక్కడా దొరుకుతుంది, రేటు చూస్తే మనసు చివుక్కుమంటుంది గానీ బస్తాలు మోసుకు రావడం కంటే నయం.

కాగితాలు, త్వరగా

గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు పాత ఏజెన్సీకి అప్పగించి టర్మినేషన్ వోచర్ తీసుకోండి, అక్కడ కొత్త కనెక్షన్‌కి అదే ఆధారం. పైపు గ్యాస్ ఉన్న ఫ్లాటైతే స్టవ్ జెట్లు మార్పించాలి. ఓటు మార్పుకి ఫారం 8. హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లకి కొత్త ఊరు చెప్పండి, కొన్ని పాలసీల్లో ఢిల్లీలో వైద్యానికి ప్రీమియం వేరు, లేదా బిల్లులో కొంత మన జేబు నుంచే. పాప టీకాల కార్డు, బాబు టీసీ, బంగారం, సర్టిఫికెట్లు లారీలో వేయకండి, చేతి సంచిలోనే ఉండాలి. రజాయిలు, స్వెట్టర్లు హైదరాబాద్‌లో కొనొద్దు. మన దగ్గర చలికి అమ్మేవి అక్కడ నవంబరుకే చాలవు.

మొదటి సంక్రాంతికి అత్తయ్య వచ్చారు. రైలు పొగమంచులో తొమ్మిది గంటలు లేటు. బీరువా సొట్ట కనపడకుండా మేం దాని మీద తెలుగు క్యాలెండరు తగిలించాం. కనుమ నాడు చీర తీసుకోడానికి వెళ్లి, క్యాలెండరు పక్కకి జరిపి చూసి, "ఇది ఇంకా ఉందా! కడప నుంచి కర్నూలు బదిలీ అయినప్పుడు మీ మావయ్య స్వయంగా లారీలోంచి దింపుతూ కొట్టిన సొట్ట ఇది" అన్నారు.